బేబీ గ్రాండ్ పియానో

బేబీ గ్రాండ్ పియానో అనగా గ్రాండ్ పియానోలలో పొట్టి రకము. తీగలు, వాటిని బిగించి ఉంచే ఇనుప చట్రము, నాదాన్ని పెంచే చెక్క పలక నేలకు సమాంతరంగా పరచి ఉన్న పియానోను గ్రాండ్ పియానో అంటారు. ఇవే భాగాలను నిలువుగా నిలబెడితే అది అప్‌రైట్ లేదా నిటారు పియానో. కచేరీలలో వాడే గ్రాండ్ పియానోలు సుమారు 275 సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. ఇళ్ళలోను, చిన్న సంగీత పాఠశాలలలోను పెట్టుకొనడానికి తయారుచేసే 150 నుండి 170 సెంటీమీటర్ల పొడవుగల గ్రాండ్‌లకు బేబీ గ్రాండ్ అనే పేరు వాడుకలో ఉన్నది.

చిన్న గదికి పియానో ఎంచుకొనేవారు సాధారణంగా "ఇది నా గదిలో పడుతుందా?" అనే ప్రశ్నతో మొదలుపెడతారు. దానికి జవాబు కొలబద్దతో తేలిపోతుంది. దానికన్నా కష్టమైన ప్రశ్న మరొకటి ఉన్నది. పొట్టి గ్రాండ్ అనేది పెద్ద గ్రాండ్‌కు కుదించిన నమూనా కాదు. పొడవు తగ్గించినపుడు కొన్ని గుణాలు చెక్కుచెదరకుండా నిలుస్తాయి, కొన్ని బాగా దెబ్బతింటాయి. ఏవి నిలుస్తాయి, ఏవి పోతాయి అన్నది తెలిస్తేనే ఎంపిక సరిగా జరుగుతుంది.

పేరు, కొలతలు

గ్రాండ్ పియానో పొడవును మీటల వైపు ముందు అంచు నుండి తోక చివరి వరకు కొలుస్తారు. పియానోలో 88 మీటలు ఉంటాయి. అన్ని పియానోలలోను మీటల వెడల్పు ఒక్కటే కనుక వాయిద్యము వెడల్పు ఎంత పెద్దదానికైనా, ఎంత చిన్నదానికైనా సుమారు 150 సెం.మీ. దగ్గరే ఉంటుంది. కాబట్టి తయారీదారు తగ్గించగలిగినది పొడవు ఒక్కటే. అతి పొట్టి గ్రాండ్ పైనుండి చూస్తే ఇంచుమించు చదరంగా కనిపించడానికి కారణం ఇదే.

"బేబీ గ్రాండ్" అనే మాటకు అంతర్జాతీయ ప్రమాణమేదీ లేదు. ఒక దుకాణంలో 180 సెం.మీ. వాయిద్యాన్ని కూడా ఈ పేరుతో అమ్ముతారు, మరొకచోట 160 దాటితే ఈ మాట వాడరు. అందువలన పేరును పట్టించుకొనక సెంటీమీటర్లను అడగడం మంచిది. జర్మన్ భాషలో గ్రాండ్ పియానోను "ఫ్లూగెల్" అంటారు, అనగా రెక్క. పొట్టి రకాన్ని "ష్టుట్స్‌ఫ్లూగెల్", అనగా కత్తిరించిన రెక్క అంటారు. ఫ్రెంచివారు తోకతో కొలుస్తారు: కచేరీ పియానో "తోక పియానో", మధ్యరకం "అర తోక", చిన్నది "పావు తోక". మరీ పొట్టిగా, గుండ్రంగా ఉన్నదానిని వారు "క్రాపో" అంటారు. ఆ మాటకు అర్థం గోదురు కప్ప. వాయిద్యాన్ని ఒకసారి పైనుండి చూసినవారికి ఈ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ప్రసిద్ధ సంస్థల పొట్టి రకాల పొడవులు ఇలా ఉన్నాయి. స్టైన్‌వే సంస్థ వారి ఎస్ నమూనా 155 సెం.మీ., ఎం నమూనా 170, ఓ నమూనా 180. యమహా వారి జీబీ1 రకం 151, జీసీ1 మరియు సీ1ఎక్స్ 161, సీ2ఎక్స్ 173. కవాయ్ వారి జీఎల్-10 రకం 153, జీఎల్-30 రకం 166. ఆస్ట్రియాకు చెందిన బోసెన్‌డార్ఫర్ అతి చిన్న గ్రాండ్ 155, ఇటలీకి చెందిన ఫాజియోలి అతి చిన్న గ్రాండ్ 156. చైనాలోని పెర్ల్ రివర్ సంస్థ 150 సెం.మీ. గ్రాండ్ తయారుచేస్తున్నది. ఇంతకన్నా పొట్టివి కూడా గతంలో వచ్చాయి గాని, పేరున్న తయారీదారులలో ఎక్కువమంది 150 వద్దనే ఆగిపోవడం గమనించదగినది.

చరిత్ర

పియానోను ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో మెడీచి రాజకుటుంబం కొలువులో ఉన్న బార్తొలొమెయో క్రిస్టోఫొరి (1655-1731) సుమారు 1700 ప్రాంతంలో తయారుచేశాడు. ఆయన చేసిన వాటిలో మూడు నేటికీ మిగిలి ఉన్నాయి. 1720 నాటిది న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో, 1722 నాటిది రోములో, 1726 నాటిది లైప్‌జిగ్‌లో ఉన్నది. క్రిస్టోఫొరి తన వాయిద్యానికి అంతకు ముందున్న హార్ప్‌సికార్డ్ యొక్క రెక్క ఆకారాన్నే తీసుకొన్నాడు. మంద్రస్థాయి తీగలు పొడవుగాను, తారస్థాయి తీగలు పొట్టిగాను ఉండవలసి రావడం వలన ఏర్పడిన ఆకారమది, అలంకారం కోసం చేసినది కాదు.

పద్దెనిమిదవ శతాబ్దం రెండవ సగం నుండి యూరపులోను, తరువాత అమెరికాలోను మధ్యతరగతి ఇళ్ళలో వాడినది గ్రాండ్ కాదు, బల్లలాగా దీర్ఘచతురస్రాకారంలో ఉండే "స్క్వేర్ పియానో". పంతొమ్మిదవ శతాబ్దం గడిచేకొద్దీ దాని స్థానాన్ని గోడకు ఆనించి పెట్టగల అప్‌రైట్ ఆక్రమించింది. గ్రాండ్ పియానోను పొట్టిగా చేయడం సాధ్యపడడానికి ముఖ్యంగా మూడు మార్పులు తోడ్పడ్డాయి. 1821లో సెబాస్టియన్ ఎరార్ "డబుల్ ఎస్కేప్‌మెంట్" అనే యంత్రాంగానికి పేటెంటు పొందాడు. దీని వలన మీట పూర్తిగా పైకి రాకముందే అదే స్వరాన్ని మళ్ళీ మోగించవచ్చు. 1843లో బోస్టన్ నగరానికి చెందిన జొనాస్ చికరింగ్ గ్రాండ్ పియానోకు ఒకే ముక్కగా పోతపోసిన ఇనుప చట్రాన్ని పేటెంటు చేయించాడు. 1859లో న్యూయార్కులోని స్టైన్‌వే సంస్థ గ్రాండ్‌లో మంద్రస్థాయి తీగలను మిగతా తీగలపై నుండి ఏటవాలుగా దాటించే పద్ధతికి పేటెంటు పొందింది. ఈ చివరి మార్పు పొట్టి గ్రాండ్‌కు ప్రాణం పోసిందని చెప్పవచ్చును. ఏటవాలుగా వేస్తే అదే పెట్టెలో కాస్త పొడవైన తీగ పడుతుంది, పైగా ఆ తీగ ఆనే బ్రిడ్జి చెక్క పలక అంచు నుండి మధ్యకు జరిగి నాదం నిండుగా వస్తుంది.

మొదటి ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో బేబీ గ్రాండ్‌కు గిరాకీ బాగా పెరిగింది. 1920 దశకంలో ముందుగదిలో గ్రాండ్ ఉండడం హోదాకు గుర్తు. ఆ గిరాకీని అందుకొనడానికి వచ్చినవాటిలో చూపుకు అందంగా ఉండి వినడానికి అంతంతమాత్రంగా ఉన్నవి కూడా చాలా ఉన్నాయి. బేబీ గ్రాండ్ అంటే గది అలంకరణ వస్తువు అనే చెడ్డ పేరు చాలావరకు ఆ కాలంలోనే వచ్చింది. 1929 తరువాతి ఆర్థిక మాంద్యంలో పియానో పరిశ్రమ కుదేలైంది. స్టైన్‌వే 155 సెం.మీ. ఎస్ నమూనాను విడుదల చేసినది ఆ మాంద్యం సాగిన 1930 దశకంలోనే.

పొడవు తగ్గితే ఏమవుతుంది

తీగ మోగించే స్వరం మూడు విషయాలపై ఆధారపడుతుంది: తీగ పొడవు, దాని బరువు, దాని తన్యత (బిగువు). వీణ, తంబుర వాయించేవారికి ఇది అనుభవంలో ఉన్నదే. పియానోలో అట్టడుగు స్వరం పౌనఃపున్యం 27.5 హెర్ట్‌జ్, చిట్టచివరి స్వరానిది సుమారు 4,186 హెర్ట్‌జ్. కచేరీ గ్రాండ్‌లో అట్టడుగు తీగ మోగే భాగం సుమారు 2 మీటర్లు ఉంటుంది. 150 సెం.మీ. గ్రాండ్‌లో మీటలు, శ్రుతి పిన్నులు, తోక చివరి ఖాళీ పోగా ఆ తీగకు దక్కేది దానిలో సగానికి కొంచెం ఎక్కువ. పొడవు సగమైన తీగ అదే స్వరం పలకాలంటే దానిని బరువుగా చేయాలి, లేదా బిగువు తగ్గించాలి. బరువు కోసం ఉక్కు తీగపై రాగి తీగను చుడతారు. పొట్టి పియానోలో ఈ చుట్టు మరింత మందంగా ఉంటుంది.

చిక్కు అంతా ఇక్కడే ఉన్నది. ఏ తీగ అయినా మోగినపుడు ప్రాథమిక స్వరంతోపాటు దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలు కూడా పలుకుతాయి. ఇది పూర్తిగా మెత్తనైన, వంపుకు ఏమాత్రం ఎదురుతిరగని తీగ విషయంలో నిజం. నిజమైన ఉక్కు తీగకు కొంత బిరుసుతనం ఉంటుంది, అది కొంతవరకు కడ్డీలాగా ప్రవర్తిస్తుంది. అందువలన అనుస్వరాలు ఉండవలసిన చోటు కన్నా కొంచెం పైకి జరుగుతాయి. రెండవది కొద్దిగా, పదవది బాగా జరుగుతాయి. ఒకే మందం గల చుట్టులేని తీగ ఒకే స్వరం పలుకుతున్నపుడు ఈ జరుగుడు తీగ పొడవు యొక్క నాలుగవ ఘాతానికి విలోమంగా మారుతుంది. అనగా పొడవు సగమైతే దోషం రెండింతలు కాదు, పదహారింతలు అవుతుంది. మంద్రస్థాయి తీగలకు రాగి చుట్టడంలో ఉద్దేశం ఒకటి లోపలి ఉక్కు తీగను సన్నగా ఉంచి ఈ దోషాన్ని అదుపు చేయడమే. అయినప్పటికీ పొట్టి పియానోలో అది పూర్తిగా పోదు.

వినేవారికి దీని ఫలితం ఎలా ఉంటుంది? మనిషి చెవి 27.5 హెర్ట్‌జ్ ప్రాథమిక స్వరాన్ని నేరుగా వినేది చాలా తక్కువ. కచేరీ గ్రాండ్‌లో కూడా ఆ స్వరం బలహీనమే. చెవి పై అనుస్వరాలను విని, వాటి మధ్య దూరాన్నిబట్టి మూల స్వరాన్ని ఊహించుకొంటుంది. పొట్టి గ్రాండ్‌లో ఆ అనుస్వరాలే చోటు తప్పి ఉంటాయి కనుక చెవికి ఆధారం దొరకదు. ఎడమ చివరి అయిదారు మీటలు నొక్కితే స్వరం బదులు "ధన్" మనే లోహపు చప్పుడు వినబడడానికి కారణం ఇది. శ్రుతి చేసేవారు కూడా ఈ జరుగుడును లెక్కలోకి తీసుకొని తారస్థాయిని కొంచెం పైకి, మంద్రస్థాయిని కొంచెం కిందికి సాగదీసి శ్రుతి చేస్తారు. ఈ సాగదీతను 1938లో రైల్స్‌బాక్ కొలిచి చూపాడు. ఆ వక్రరేఖ ఆయన పేరుమీదనే ప్రసిద్ధమైనది. పొట్టి పియానోకు సాగదీత ఎక్కువ కావాలి, అందువలన దానిని పక్కనున్న మరొక వాయిద్యంతో కలిపి శ్రుతి చేయడం కష్టం.

పియానో తీగపై జరిగిన పరిశోధనలో ఒక భారతీయుని పాత్ర కూడా ఉన్నది. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకొన్న సి.వి.రామన్, బెనర్జీతో కలిసి పియానో సుత్తి తీగను తాకే తీరుపై రాసిన పత్రం 1920లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురణలో వెలువడింది. రామన్ తరువాత ప్రసిద్ధుడైనది కాంతి పరిశోధన వలననే అయినా, తొలి సంవత్సరాలలో ఆయన కృషి చాలావరకు వయొలిన్, వీణ, మృదంగం వంటి వాయిద్యాల మీదనే సాగింది.

పొట్టి గ్రాండ్‌లో రెండవ బలహీన స్థానం రాగి చుట్టిన తీగలు ముగిసి చుట్టులేని ఉక్కు తీగలు మొదలయ్యే సంధి. ఇది మీటల వరుసలో మధ్యకు ఎడమగా వస్తుంది. అక్కడి ఉక్కు తీగలకు చాలినంత పొడవు దొరకక వాటి బిగువు తక్కువగా ఉంటుంది. గాలిలో తేమ మారినపుడు ముందుగా శ్రుతి తప్పేవి ఇవే. కొనదలచినవారు అట్టడుగు స్వరాల కన్నా ఈ సంధినే ఎక్కువ శ్రద్ధగా వినాలి, ఎందుకంటే అట్టడుగు స్వరాలు సంగీతంలో అరుదుగా వస్తాయి, ఈ సంధి మాత్రం దాదాపు ప్రతి రచనలోను ఎడమచేతి కిందికి వస్తుంది. ఎడమ నుండి కుడికి ఒక్కొక్క మీటనే ఒకే బలంతో నొక్కుతూ పోయినపుడు, ఒకచోట గొంతు మారినట్లు వినబడితే ఆ లోపం రూపకల్పనలోనే ఉన్నదని అర్థం. దానిని ఏ శ్రుతికారుడూ పూర్తిగా సరిచేయలేడు.

మూడవది వేలికి తెలిసేది. పైకి కనబడే మీట భాగం అన్ని పియానోలలోను ఒక్కటే గాని, లోపల దాగి ఉన్న భాగం పొట్టి గ్రాండ్‌లో కురచగా ఉంటుంది. ఊగుడుబల్లపై ఇరుసుకు దగ్గరగా కూర్చొన్నవారిని లేపడానికి ఎక్కువ బలం పట్టినట్లే, మీట లోతట్టు భాగంలో వేలు పెట్టి నొక్కినపుడు బరువుగా తోస్తుంది. నల్లమీటల మధ్య వేళ్ళు దూర్చి వాయించవలసిన రచనలు సాధన చేసేవారికి ఇది చిన్న విషయం కాదు.

నిటారు పియానోతో పోలిక

130 సెం.మీ. ఎత్తుగల మంచి నిటారు పియానోలో తీగలను ఏటవాలుగా వేస్తారు కనుక వాటి మంద్రస్థాయి తీగలు 150 సెం.మీ. గ్రాండ్ తీగలతో సమానంగా, కొన్నిటిలో అంతకన్నా పొడవుగా కూడా ఉంటాయి. నాద ఫలకం వైశాల్యం కూడా తక్కువేమీ కాదు. అనగా నాదం ఒక్కటే చూసుకొంటే అతి పొట్టి గ్రాండ్ ఎంచుకొనడానికి బలమైన కారణం కనబడదు. గోడకు ఆనించిన నిటారు పియానో ఆక్రమించే లోతు 60 - 65 సెం.మీ. మాత్రమే.

మరి గ్రాండ్ ఎందుకు? యంత్రాంగం కోసం. గ్రాండ్‌లో సుత్తి కింది నుండి పైకి లేచి తీగను కొట్టి, తన బరువుతోనే కిందికి పడుతుంది. నిటారు పియానోలో సుత్తి అడ్డంగా కదులుతుంది కనుక దానిని వెనుకకు లాగడానికి స్ప్రింగులు, నూలు పట్టీలు కావాలి. ఎరార్ కనిపెట్టిన పునరావృత్తి తులాదండం గ్రాండ్‌లో ఉంటుంది, నిటారు పియానోలో సాధారణంగా ఉండదు. యమహా సంస్థ వివరణ ప్రకారం ఒకే స్వరాన్ని నిటారు పియానోలో సెకనుకు సుమారు 7 సార్లు, గ్రాండ్‌లో సుమారు 14 సార్లు మోగించవచ్చు. ఎడమ పెడల్ పనితీరు కూడా వేరు. గ్రాండ్‌లో ఆ పెడల్ నొక్కితే మొత్తం మీటల వరుస కొంచెం కుడికి జరిగి, మూడు తీగల స్వరంలో సుత్తి రెండింటినే తాకుతుంది, నాదం రంగు మారుతుంది. నిటారు పియానోలో సుత్తులు తీగలకు దగ్గరగా జరుగుతాయి, చప్పుడు మాత్రం తగ్గుతుంది.

ఈ గుణాలన్నీ పొడవుతో సంబంధం లేనివి, 151 సెం.మీ. వాయిద్యంలో కూడా ఉంటాయి. కాబట్టి పై తరగతుల పరీక్షలకు సాధన చేస్తూ, కచేరీ గ్రాండ్‌పై వాయించవలసివచ్చే విద్యార్థికి పొట్టి గ్రాండ్ పనికివస్తుంది. సాయంత్రాలు తన సంతోషానికి వాయించుకొనేవారికి, అదే ధరకు దొరికే పొడవాటి నిటారు పియానో మెరుగు. చవక రకపు పొట్టి గ్రాండ్ ఈ ఇద్దరికీ మేలు చేయదు. 165 నుండి 170 సెం.మీ. దాటిన తరువాత గ్రాండ్ నాదం విషయంలో కూడా స్పష్టంగా ముందుకు వస్తుంది. గదిలో ఇరవై సెంటీమీటర్లు దొరికితే వాటిని పియానో తోకకే ఇవ్వడం తెలివైన పని.

గదిలో అమరిక

150 సెం.మీ. గ్రాండ్‌కు వాద్యకారుడు కూర్చొనే బల్లతో కలిపి సుమారు రెండున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు గల స్థలం కావాలి. తిన్నగా ఉండే ఎడమ పక్క గోడవైపు, వంపు తిరిగిన కుడి పక్క గదివైపు ఉండేలా పెడతారు. మూత కుడివైపుకే తెరచుకొంటుంది కనుక దీనిని తిప్పి పెడితే నాదం గోడకు కొట్టుకొంటుంది.

చిన్న గదిలో పెద్ద నాదం కూడా ఇబ్బందే. ఎదురెదురు గోడల మధ్య దూరం 3.5 మీటర్లుంటే ఆ గది సుమారు 49 హెర్ట్‌జ్ వద్ద అనునాదం చేస్తుంది. అది మంద్రస్థాయిలోని ఒక జి స్వరానికి సరిగ్గా సరిపోతుంది. ఆ ఒక్క స్వరం మిగతావాటికన్నా గంభీరంగా మోగుతున్నదంటే తప్పు పియానోది కాదు, గదిది. ఇటువంటి గదిలో కచేరీ గ్రాండ్ పెట్టినా దాని మంద్రస్థాయి గొప్పతనం వినబడదు. మందపు తివాచీ పియానో కింద పరచడం, పుస్తకాల బీరువా ఎదురు గోడకు పెట్టడం, బరువైన తెరలు వేయడం సాధారణ ఉపాయాలు. మూత మూసి వాయించడం కన్నా సుత్తుల ఫెల్టును సూదులతో గుచ్చి మెత్తబరిపించుకొనడం మంచిది. ఇది అనుభవజ్ఞుడైన పనివాడు చేయవలసిన పని.

జపాను ఇళ్ళలో గ్రాండ్ పియానో

ఇరుకు ఇళ్ళలో గ్రాండ్ పియానోను ఇమిడ్చే సమస్యను జపానువారు ఎదుర్కొన్నంతగా మరెవరూ ఎదుర్కొనలేదేమో. హమమత్సు పట్టణంలో 1887లో తొరకుసు యమహా ఒక పాఠశాల ఆర్గన్‌ను మరమ్మతు చేయడంతో మొదలైన సంస్థ 1900లో తొలి నిటారు పియానోను, 1902లో తొలి గ్రాండ్‌ను తయారుచేసింది. అదే పట్టణంలో 1927లో కొయిచి కవాయ్ తన సంస్థను స్థాపించాడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత జపానులో పిల్లలకు పియానో నేర్పించడం మధ్యతరగతి ఆశలలో ఒకటైనది. అక్కడ గదులను పరచే తతామి చాపల సంఖ్యతో లెక్కిస్తారు. ఆరు చాపల గది అనగా సుమారు 10 చదరపు మీటర్లు. అటువంటి గదిలో గ్రాండ్ పెట్టి, మిగిలిన చోటులో మంచం కూడా వేసుకొన్న విద్యార్థులు అక్కడ కొత్త కాదు.

అయితే స్థలం కన్నా పెద్ద సమస్య పొరుగువారిది. 1974 ఆగష్టులో కనగావా రాష్ట్రంలోని హిరత్సుక పట్టణంలో ఒక బహుళ అంతస్తుల గృహ సముదాయంలో, పియానో మోతను భరించలేకపోయానన్న వ్యక్తి కింది ఇంటిలోని తల్లిని, ఇద్దరు ఆడపిల్లలను హత్య చేశాడు. ఈ ఘోరం తరువాత ఇరుగుపొరుగు శబ్దం జపానులో విస్తృతంగా చర్చకు వచ్చింది. గదిలోపల అమర్చుకొనగల శబ్దనిరోధక గదులను తయారీదారులు చాపల లెక్కనే అమ్ముతున్నారు. 1993లో యమహా "సైలెంట్ పియానో"ను విడుదల చేసింది. ఇందులో ఒక కడ్డీ సుత్తిని తీగ తాకకముందే ఆపుతుంది, మీట కదలికను పరికరాలు గ్రహించి చెవి గొట్టాలలో మాత్రం నాదం వినిపిస్తాయి.

పియానో శబ్దం గాలి ద్వారానే కాక కాళ్ళ ద్వారా నేలలోకి, అక్కడి నుండి కింది ఇంటి కప్పులోకి కూడా పోతుంది. తివాచీ మొదటిదానిని కొంత తగ్గిస్తుంది గాని రెండవదానికి చాలదు. కాళ్ళ కింద కంపనాలను మింగే ప్రత్యేక దిమ్మలు వేయాలి. అపార్టుమెంటులో కొనేవారు ధర కనుక్కొనే ముందు కింది అంతస్తువారితో ఒక మాట మాట్లాడడం ఉత్తమం. దీనికయ్యే ఖర్చు ఏమీ లేదు.

ఇంటిలోకి చేర్చడం

గ్రాండ్‌ను తరలించేటపుడు మూడు కాళ్ళు, పెడళ్ళ చట్రము విప్పి, తిన్నగా ఉండే ఎడమ పక్కపై నిలబెట్టి, చెక్క పలకకు పట్టీలతో బిగిస్తారు. అపుడు దాని మందం అర మీటరు లోపే ఉంటుంది కనుక మామూలు తలుపులోనుండి పడుతుంది. ఆటంకం తలుపు కాదు, మెట్ల మలుపులు. పొడవు, ఎత్తు రెండూ ఒకటిన్నర మీటర్లున్న, 260 కిలోల బరువైన పలకను మలుపులో తిప్పగలగాలి. చిన్న అపార్టుమెంట్ల లిఫ్టులలో ఇది పట్టదు. జపానులో క్రేనుతో కిటికీ లేదా బాల్కనీ గుండా ఎక్కించడం మామూలే. ఆమ్‌స్టర్‌డాం నగరంలోని పాత ఇళ్ళ ముందుభాగంలో పైకప్పు దగ్గర సామాను లాగడానికి దూలం, కొక్కెం ఉంటాయి. పియానోలు కూడా ఆ దారినే ఎక్కుతాయి.

నేల గురించిన భయం సాధారణంగా అవసరానికి మించినది. భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం నివాస గదుల నేలను చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అనగా సుమారు 200 కిలోల భారానికి లెక్కవేస్తారు. పియానో, వాద్యకారుడు కలిపి వారు ఆక్రమించే స్థలంపై సగటున దానిలో సగమే పడుతుంది. కాని ఆ బరువంతా మూడు చిన్న చక్రాలపై, ఒక్కొక్కదానిపై 90 కిలోల దాకా నిలుస్తుంది. సిమెంటు కప్పుకు ఏమీ కాదు గాని, కింద బోలుగా వేసిన పలకరాళ్ళు పగలవచ్చు. చక్రాల కింద వెడల్పాటి చెక్క గిన్నెలు పెట్టడం ఇందుకే. పాత మిద్దె ఇళ్ళకు, చెక్క దూలాలపై వేసిన నేలలకు ఇంజనీరును అడగడం అవసరం.

వాతావరణం, సంరక్షణ

పియానోలో దాదాపు 230 తీగలు ఉంటాయి, వాటి మొత్తం లాగుడు 18 నుండి 20 టన్నులు. ఇనుప చట్రం దీనిని మోస్తుంది. కాని నాద ఫలకం స్ప్రూస్ చెక్క; గాలిలో తేమ పెరిగితే ఉబ్బి తీగలను పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఎండితే శ్రుతి పడిపోతుంది, మరీ ఎండితే పలక చీలుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరపట్టణాలలో సంవత్సరమంతా ఉండే తేమ తీగలకు తుప్పు పట్టిస్తుంది, మీటల ఇరుసుల చుట్టూ ఉన్న ఫెల్టును ఉబ్బించి మీటలు పట్టుకుపోయేలా చేస్తుంది. హైదరాబాదులో చిక్కు వేరు: ఎండాకాలపు పొడి గాలికి, వానాకాలపు తేమకు మధ్య తేడా ఎక్కువ. రాత్రి కొద్దిగంటలు మాత్రమే ఏ.సి. వేసి పగలు ఆపివేసే అలవాటు ఎడతెగని తేమ కన్నా పియానోకు హాని. తేమ 45 నుండి 60 శాతం మధ్య నిలకడగా ఉండడం మేలు. గదిలో తేమ కొలిచే చిన్న గడియారం వంటి పరికరం ఒకటి వేలాడదీసి, ఏ.సి. గాలి, కిటికీ ఎండ నేరుగా తగలని చోట పియానో పెట్టాలి. చెదలు చెక్కను, చిమ్మెటలు ఫెల్టును తింటాయి. గ్రాండ్‌కు అడుగుభాగం తెరచి ఉంటుంది కనుక అప్పుడప్పుడు దీపం పట్టుకొని కిందికి వంగి చూడడం అవసరం.

భారతదేశంలో పాశ్చాత్య వాయిద్యాల వ్యాపారం పాతదే. చెన్నైలోని మ్యూసీ మ్యూజికల్ మూలాలు 1842 నాటివి, ముంబైలోని ఫర్టాడోస్ 1865 నాటిది. అయినా శ్రుతి చేసే నిపుణులు పెద్ద నగరాలు దాటితే అరుదు. కొనడానికి ముందే ఏడాదికి కనీసం రెండుసార్లు వచ్చి శ్రుతి చేయగల మనిషి దొరుకుతాడో లేదో కనుక్కొనాలి. దొరకని ఊరిలో గ్రాండ్ కొనడం కన్నా, నిజమైన గ్రాండ్ యంత్రాంగం ఉండి తీగలు లేని మిశ్రమ రకం ఎంచుకొనడం మంచిది. యమహా 2009లో తెచ్చిన అవాంట్‌గ్రాండ్ ఎన్3 ఈ రకానిదే. దీని పొడవు సుమారు 120 సెం.మీ. మాత్రమే, దీనికి శ్రుతి చేయనక్కరలేదు. తీగల అనునాదం వేళ్ళకు, ఒంటికి తగిలే అనుభూతి మాత్రం ఇందులో పూర్తిగా రాదు.

పాత వాయిద్యాలు

ఒకసారి వాడిన పియానో కొనేవారు ముందుగా చూడవలసినది మెరుగు కాదు, శ్రుతి పిన్నులు దిగి ఉన్న చెక్క దిమ్మ. వీణలో బిరడలు జారినట్లు పిన్నులు జారితే పియానో శ్రుతిలో నిలవదు, ఆ దిమ్మ మార్చడం చాలా ఖర్చుతో కూడిన పని. నాద ఫలకంలో సన్నని చీలిక ఉన్నంతమాత్రాన వాయిద్యం పనికిరానిదని కాదు, చీలిక చోట బుర్రుమనే చప్పుడు రాకుంటే చాలు. ఇనుప చట్రంలో పగులు ఉంటే మాత్రం వదులుకొనవలసిందే. సుత్తుల ఫెల్టుపై తీగల గాడులు లోతుగా ఉంటే సానపట్టవచ్చు, ఫెల్టు పలచబడితే మార్చాలి. చట్రంపై ఉండే వరుస సంఖ్యను బట్టి తయారైన సంవత్సరం తెలుసుకొనవచ్చును. మధ్య పెడల్ కూడా పరీక్షించాలి. చవక రకాలలో అది నొక్కిపట్టిన స్వరాలను మాత్రం నిలబెట్టే అసలు పని చేయక, మంద్రస్థాయి మొత్తాన్ని నిలబెడుతుంది.

ఇంటికి చేరిన పియానోను వెంటనే శ్రుతి చేయించరాదు. కొత్త గది తేమకు చెక్క అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొత్త వాయిద్యమైతే తీగలు ఇంకా సాగుతూ ఉంటాయి కనుక మొదటి సంవత్సరం మూడు నాలుగుసార్లు శ్రుతి చేయించవలసి ఉంటుంది.